సీసాలో ఇసుక

తొంభైల మొదట్లో, పరాయిదేశంలో, పరమట్టా అనే ఊరికి వెళ్లే రైల్లో నా ఎదురుగా ఒక ముసలాయన ఒళ్లో గాజుసీసా పెట్టుకుని కూర్చున్నాడు. అందులో బూడిదరంగు పొడి. మాటల్లో భార్య పోయిందన్నాడు. ఆవిడ అస్థికలేమో అనుకుని, చెప్పులు విడిచి సీసాకు దండం పెట్టాను.

"జస్ట్ సాండ్, లవ్. వట్టి ఇసుకేనమ్మా," అన్నాడు మెల్లగా.

వాళ్లది సైప్రస్ దీవిట. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ మేకలదారిన దిగి వెళ్లిన బీచ్‌లోదట ఆ ఇసుక. ఇప్పటికీ అక్కడ రోడ్డు లేదు, కొట్టు లేదు. మళ్లీ ఒక్కసారి చూపించమని ఆవిడ ముప్పై ఏళ్లు అడిగింది. చివరికి ఆయనొక్కడే వెళ్లొచ్చాడు, ఆవిడ సమాధి మీద చల్లడానికి ఇంత ఇసుక తెచ్చాడు.

సిగ్గేసి చెప్పుల్లో కాళ్లు దూర్చబోయాను.

"వద్దులే. అక్కడ తను కూడా చెప్పులు వేసుకునేది కాదు," అంటూ వంగి, తన బూట్ల లేసులు విప్పుకున్నాడు.

పరమట్టా దాకా ఇద్దరం వట్టికాళ్లతోనే కూర్చున్నాం.