జర ఉప్పు

మా వీధి నర్సమ్మ మొన్న మంగళవారం పొద్దున పోయింది. నేను డ్యూటీకి బయలుదేరి బండి బయటికి తీస్తుంటే పక్కింటాయన వచ్చి, "నర్సమ్మ లేదంటనే" అన్నాడు. ఎక్కడికో వెళ్లిందేమో అనుకున్నాను. ఆమె ఇంట్లో ఉన్న రోజులు తక్కువ మరి. ఆయన ముఖం చూశాక బండి స్టాండు వేసి అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. రాత్రి నిద్రలోనే పోయిందట, పాలవాడు పిలిస్తే పలకలేదట.

ఆమె పేరు రాయడం లేదు. రాస్తే శంషాబాద్‌లో సగం మంది "ఎవరామె?" అంటారు. నర్సమ్మ అంటే చాలు. ఆమె సూది పడని భుజం మా చుట్టుపక్కల దొరకదు. సర్కారు దవాఖానలో పనిచేస్తూ మామిడిపల్లి దాకా ఊళ్లన్నీ కాలినడకన తిరిగింది. టీకాలు వేసింది, కాన్పులు చేసింది. రిటైరయ్యాక కూడా తెల్లచీర వదల్లేదు. టీకాలు మోసిన నీలం ఐసుడబ్బా ఆమె వాకిట్లో పీట అయింది. దాని మీద కూర్చుని బియ్యం ఏరుకుంటూ, దారిన పోయేవాళ్ల నడక చూసి రోగం చెప్పేది. ఆదివారం చర్చి మెట్ల మీద కూడా ఇద్దరి నాడి చూడందే లోపలికి వెళ్లేది కాదు.

నర్సమ్మ లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు. గొప్పకు అనడం లేదు, జరిగిందే చెబుతాను.

మా బాపుకు బీపీ ఉందని మొదట పట్టుకున్నది ఆమే. గోలీలు రాయించి, మా అమ్మతో "ఉప్పు జర చూసుకో చెల్లె" అన్నది. రెండేళ్లకు బాపుకు పక్షవాతం వచ్చింది, మూడు రోజులకు పోయాడు. ఆనాటి నుంచి మా అమ్మ ఆ "జర"ను మింగేసి, ఉప్పును ఇంట్లోంచి వెళ్లగొట్టింది. పప్పులో లేదు, కూరలో లేదు. తొక్కు జాడీలు మేనత్త ఇంటికి పోయాయి. అన్నీ వేసి చూడు నన్ను వేసి చూడు అన్నదట ఉప్పు. మా ఇంట్లో ఆ ముచ్చటే లేదు.

అప్పటికే మాకు విమానాశ్రయం వచ్చింది, అక్కడి సరుకుల షెడ్డులో నాకు ఉద్యోగం వచ్చింది. కూర్చుని పెట్టెలు తూకం వేయించే పని. నాలుగేళ్లలో నేనూ ఒక పెట్టెనయ్యాను. మెట్లెక్కితే ఆయాసం. బాపులాగే పోతానన్న భయం పట్టుకుంది, ఆ భయమే నన్ను పరుగులోకి దించింది. షెడ్డులో నాతో పనిచేసే మిత్రుడు తోడయ్యాడు. పట్నంలో ఏటా జరిగే నలభై రెండు కిలోమీటర్ల పరుగు పూర్తిచేస్తే గండం గడిచినట్టేనని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

పొద్దున్నే పరిగెత్తి వస్తుంటే నర్సమ్మ ఐసుడబ్బా మీది నుంచి పిలిచేది. ఒకరోజు నన్ను వెనక్కి తిరగమన్నది. నల్ల బనీను మీద చెమట ఆరిపోయి తెల్లటి చారలు కట్టి ఉన్నాయి.

"ఏంది బిడ్డా, వీపుకు సున్నం కొట్టుకొచ్చినవ్? ఇంత ఉప్పు బయటికి పోతున్నది, లోపలికి ఎంత పోతున్నది?"

"ఉప్పు విషం నర్సమ్మా. మా ఇంట్ల బంద్" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా. ఆమె ఇంకేదో అనబోయింది. నేను ఆగలేదు. ఆ రోజు ఒక్క నిమిషం నిలబడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఆరాంఘర్ దాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ విమానాశ్రయం రోడ్డు మీద ఇంకొంత దూరం పరిగెత్తాం. ఎన్ని నీళ్లు తాగితే అంత మంచిదని ఎవరో చెప్పారు. కనిపించిన ప్రతి కొట్టు దగ్గరా ఆగి తాగాను. ఇల్లు చేరేసరికి వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది, కడుపులో తిప్పుతోంది. మా అమ్మను చూసి "బాపూ" అని పిలిచానట. ఇక్కడి నుంచి జరిగింది నాకు తెలియదు, మిత్రుడు చెప్పిందే.

అందరూ ఎండదెబ్బ అన్నారు. అమ్మ ఏడుస్తూ చెంబు మీద చెంబు నీళ్లు తాపిస్తోంది. చర్చి నుంచి వస్తున్న నర్సమ్మ, మా ఇంటి ముందు గుంపును చూసి లోపలికి వచ్చి, ముందు నా వేళ్లు పట్టుకుని చూసింది.

"ఎన్ని నీళ్లు తాగిండు?" అని మిత్రుణ్ని అడిగింది.

"తొవ్వ పొడుగూ తాగుతనే ఉన్నడు నర్సమ్మా. ఇంటికొచ్చినంక ఇంకో నాలుగు చెంబులు."

ఆమె అమ్మ చేతిలోని చెంబు గుంజుకుని నీళ్లు వాకిట్లో పారబోసింది. "నీళ్లు బంద్ పెట్టుండ్రి. పోరడు లోపల మునుగుతున్నడు" అన్నది. ఆటోలో నా పక్కనే కూర్చుని దవాఖాన దాకా నా చెంపలు తడుతూ మాట్లాడిస్తూనే ఉన్నదట. చెమటలో ఉప్పు పోయిందనీ, వట్టి నీళ్లు తాగీ తాగీ మిగిలింది కూడా పలచనైందనీ డాక్టరు చెప్పాడు. చిక్కటి ఉప్పునీళ్లు నరానికి ఎక్కించారు. ఇంకొంచెంసేపు ఇంట్లోనే నీళ్లు తాపించి ఉంటే ఏమయ్యేదో ఆయన పూర్తిగా చెప్పలేదు.

మూడో రోజు ఇంటికి వచ్చాను. నర్సమ్మ చూడటానికి వచ్చింది. మా అమ్మ అప్పటిదాకా ఆపుకున్నదంతా ఆమె మీద కుమ్మరించింది.

"నువ్వే కదక్కా ఉప్పు వద్దన్నది. నా తొక్కే ఆయనను మింగిందని నేను బంద్ పెడితిని. ఇప్పుడు పిల్లగాడు గిట్లాయె."

"నేను జర అన్న చెల్లె. నువ్వు పూరా అని ఇన్నవ్" అన్నది నర్సమ్మ. తల వంచుకుని మళ్లీ అన్నది: "ఆయన నీ తొక్కుతోని పోలే. గోలీలు మానేసిండు. తలనొప్పి లేంది గోలీ ఎందుకు అన్నడు. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నడు. చెప్పకపోవుడు నా తప్పే."

బాపు పోయినప్పటి నుంచి అమ్మ తన చేతులను తానే అనుమానంగా చూసుకుంటోందని నాకు ఆరోజే తెలిసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇంట్ల ఉప్పు లేదక్కా, జర ఇస్తవా" అని అడిగింది. ఉప్పు చేతికిస్తే కొట్లాట వస్తుందని మా అమ్మ నమ్మకం. నర్సమ్మకు అలాంటి పట్టింపులు లేవు. అయినా ఇంటికి వెళ్లి గిన్నె తెచ్చి, మా వాకిటి గోడ మీద పెట్టి పక్కకు జరిగింది.

నేను మళ్లీ పరిగెత్తడానికి ఆమె ఒప్పుకున్నది, ఒక షరతు మీద. లీటరు నీళ్లలో మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు చక్కెర, ఒక నిమ్మకాయ. దప్పిక అయినప్పుడే, గుక్కెడు గుక్కెడుగా. "ఉత్తగ కూసున్ననాడు ఇది తాగకు. చెమట పోయిననాడే" అని హెచ్చరిక. ఎండాకాలం ఊళ్లు తిరిగేటప్పుడు ఆమె సంచిలో ఈ సీసా ఎప్పుడూ ఉండేదట. "నువ్వు ఏడాది సంది ఉరుకుతున్నవ్. నేను ముప్పై ఏండ్లు నడిచిన. చెమటకు రెండూ ఒక్కటే" అనేది.

మొదటిసారి నేనే కలిపితే నోట్లో పెట్టుకోలేకపోయాం. ఆమెవి సన్నటి వేళ్లు, నావి మొద్దు వేళ్లు. "వేళ్లు మోసం చేస్తయి, నాలుక చెయ్యదు. రుచి చూడు, కన్నీళ్లకంటె ఉప్పగుండొద్దు" అన్నది.

"కన్నీళ్ల రుచి నాకేం ఎరుక?"

"మీ బాపు పోయిననాడు ఏడ్వలేదా?"

ఏడవలేదు. కట్టెలు, బంధువులు, బస్సులు, వంటలు చూసుకోవడంతోనే సరిపోయింది. తర్వాత ఏడుపు రాలేదు. ఆ మాట చెబితే ఆమె, "అయితే సీసా నాకు తెచ్చి చూపెట్టు" అన్నది. అంతే, ప్రతి పెద్ద పరుగుకు ముందు సీసా తీసుకుని ఆమె వాకిట్లో నిలబడేవాణ్ని. మూతలో పోసుకుని ఒక చుక్క నాలుక మీద వేసుకునేది. "ఇగ పో" అంటేనే కదిలేవాణ్ని.

పట్నం పరుగు పూర్తి చేశాను. ఇంచుమించు ఆరు గంటలు పట్టింది, చివర వచ్చిన నలుగురిలో నేనొకణ్ని. పతకం మెడలో వేసుకుని నేరుగా ఆమె దగ్గరికే వెళితే, "ముందు చేతులు కడుక్కో, అటెంక చూపెట్టు" అన్నది.

బుధవారం మిట్టమధ్యాహ్నం ఆమెను తీసుకెళ్లారు. చర్చి నుంచి సమాధుల దొడ్డి దాకా ఎర్రటి ఎండ. ఊరూరి నుంచి జనం నడిచే వచ్చారు, ముసలివాళ్లే ఎక్కువ. ఇంతమంది ఎండలో నిలబడితే ఆమె ఊరుకునేది కాదని, నేనూ మిత్రుడూ పెద్ద క్యానులో ఆమె చెప్పిన కొలతతోనే కలిపి తీసుకెళ్లాం. మా అమ్మ నిమ్మకాయలు కోసి ఇచ్చింది. రుచి చూసి "ఇగ పో" అనడానికి మనిషి లేదు.

మట్టి వేయడం అయ్యాక, రాజేంద్రనగర్ నుంచి వచ్చిన నర్సమ్మ బిడ్డకు మొదటి గ్లాసు ఇచ్చాను. ఆమె మెల్లగా తాగి, "సరిగ్గనే ఉంది తమ్మీ, అమ్మ కలిపినట్టే" అన్నది.

తర్వాత నేనూ ఒక గ్లాసు పోసుకున్నాను. ఉప్పు ఎక్కువైంది. నేను నొచ్చుకుంటానని అక్క బాగుందన్నదేమో అనుకుని మిత్రుడికి ఇచ్చాను. అతడు తాగి, "మంచిగనే ఉన్నది కదనే" అంటూ, జేబులోంచి రుమాలు తీసి నా చేతిలో పెట్టాడు.

కళ్లు తుడుచుకుని మళ్లీ తాగాను. అప్పుడు సరిపోయింది.