పలకలు నీళ్లు తాగేదాకా

ఫూమో అథ్మాన్ కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లాము దీవిలోని మా మటొండోనిలో తక్కువ. కాఫీ కూడా నిలబడే తాగేవాడు. మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు తర్వాత మగవాళ్లంతా మసీదు అరుగు మీద చేరితే, అతను మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి చిన్న కప్పు ఖాళీ చేసి, సముద్రపు పాయ వైపు నడిచేవాడు. అక్కడ కొత్తగా చూడడానికి ఏమీ ఉండేది కాదు. పోటో, ఆటో. కాసేపు నిలబడి తిరిగి వచ్చేవాడు.

పదకొండో ఏట తండ్రి పడవ ఎక్కాడు. ఇరవై ఆరో ఏట దానికి సరంగు అయ్యాడు. పడవ పేరు తౌసి, అంటే నెమలి. అది మొంబాసాకు మడ చెట్ల కర్రలు మోసింది. ఉప్పు తెచ్చింది, ఇసుక తెచ్చింది, ఒకసారి దగ్గరి దీవిలోని సియు నుంచి పెళ్లికూతుర్ని మంచంతో సహా తెచ్చింది. తండ్రి పోయాక పంపకం జరిగింది. రెండు వంతులు ఫూమోకు, ఒక వంతు అక్క తిమాకు. పడవను కోసి పంచుకోలేరు కాబట్టి ఆ లెక్క మాటల్లోనే ఉండిపోయింది.

తర్వాత ఇంజను పడవలు వచ్చాయి. తౌసి మీది పనివాళ్లు ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు. భార్య చనిపోయిన సంవత్సరం ఫూమో పడవను ఒడ్డు మీదికి లాగించాడు. మార్చి పున్నమికి వచ్చే అతిపెద్ద పోటు తప్ప మరే పోటూ అందుకోలేనంత ఎత్తుకు లాగించి, పైన కొబ్బరాకుల పందిరి వేయించి, మొంబాసాలో ఒక పిండి గోదాముకు కాపలా ఉండడానికి వెళ్లాడు. గేటు దగ్గర కుర్చీ ఇచ్చారు. అతని మీద వచ్చిన ఫిర్యాదు నిద్రపోతున్నాడని కాదు, ఒకచోట ఉండడం లేదని. ఏడేళ్లు గేటుకూ గోడకూ మధ్య తిరిగి, కిందటి వర్షాలకు ఇల్లు చేరాడు.

వచ్చిన రోజే పందిరిలోకి దూరాడు. ఆకులు రాలి ఎండ లోపలికి పడుతోంది. పడవ అడుగున కూర్చుని చూస్తే పలకల మధ్య నుంచి పాయ కనిపించింది. అతుకుల్లో అగ్గిపుల్ల పడుతోంది. కొన్నిచోట్ల రెండు.

తిమా పందిరి బయట నిలబడి ఉంది. అతని కన్నా తొమ్మిదేళ్లు పెద్దది.

"బతికుందా?" అంది.

"ఎండిపోయింది. అంతే."

"చేపా అంతే. ఎండాక ఈదదు."

"అక్కా, దీన్ని మళ్లీ దింపుతాను."

"ఎవరితో? నీకు అరవై రెండు. నీ పనివాళ్లలో ఇద్దరు నేల కింద ఉన్నారు, ముగ్గురు ఇంజన్ల దగ్గర ఉన్నారు." పైట కొసతో మొహం తుడుచుకుంది. "లాము పట్నంలో కుర్చీలు చేసే అతను రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. పాత పడవ చెక్క అంటే హోటళ్లవాళ్లు ఎగబడతారట. నా ఇంటి పైకప్పు కూలి మీద పడేలా ఉంది, ఆ డబ్బుతో బాగుచేయించాలి. ఆ గదిలో పడుకోవడం మానేసి ఏడాదైంది, నీకు తెలుసా?"

ఫూమోకు తెలియదు.

"మార్చి పోటుకు ఇది తేలాలి. తేలకపోతే విప్పించేస్తాను. ఒక వంతుదాన్నే అయినా నన్ను ఆపేవాళ్లు ఈ ఊళ్లో లేరు."

అది నిజమే. ఎవరూ లేరు.

పడవ అతుకుల్లో దూది కూర్చే పనికి మా దగ్గర షే బకారిని మించినవాడు లేడు. ఫూమోకు మేనమామ కొడుకు. మేనబావల మధ్య ఇక్కడ మాటకు హద్దు లేదు. ఎంత మాటైనా అనవచ్చు, కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. ఈ ఇద్దరూ పాలపళ్ల నాటి నుంచి ఒకరినొకరు తిట్టుకుంటూ పెరిగారు. చావు ఇంట్లో కూడా ఆపలేదు.

షే పడవ చుట్టూ ఒకసారి నడిచాడు. వేలి గోటితో అతుకులు గీకాడు.

"బావా, నిన్ను ఏడేళ్లు ఎండలో పడేస్తే నీ అతుకులు ఎలా ఉంటాయంటావు?"

"నీ పళ్ల కన్నా దగ్గరగానే ఉంటాయి."

"నా పళ్లు నమలడానికైనా పనికొస్తున్నాయి. ఇది దేనికి?" అని నవ్వి, తర్వాత పని చెప్పాడు. ముందు నెల రోజులు లోపల ఉప్పునీళ్లు పోయాలి. తడి గోనెలు కప్పాలి. చెక్క తాగాలి, ఉబ్బాలి. అప్పుడు కొబ్బరినూనెలో ముంచిన దూదిని అతుకుల్లో మెత్తగా పెట్టాలి. మెత్తగా. ఆ తర్వాత అడుగుకు కొవ్వూ సున్నమూ పూయాలి.

ఫూమో నీళ్లు మోశాడు. గాడిద మీద నాలుగు డబ్బాలు, భుజం మీద రెండు. పొద్దున మోసిన నీళ్లు మధ్యాహ్నానికి అతుకుల్లోంచి కారి ఇసుకలో కలిసిపోయేవి. మళ్లీ మోసేవాడు. రోజుకు ఇరవైసార్లు వంగి అతుకుల్లో గోరు పెట్టి చూసేవాడు. ఎడమ పక్క కొంచెం దగ్గరపడింది. కుడి పక్క ఎండ ఎక్కువ. అక్కడ పగుళ్లు అలాగే ఉన్నాయి. షే ఎడమ పక్క దూది పెట్టడం ముగించి కుడి పక్కను చూసి తల ఊపాడు.

"ఇంకా తాగాలి."

"పోటుకు ఎనిమిది రోజులే ఉన్నాయి."

"నేను లెక్క చదువుకున్నాను బావా. నువ్వే చదువుకోలేదు."

మర్నాడు షేకు సియు నుంచి కబురు వచ్చింది. చెల్లెలి కూతురి పెళ్లి. నాలుగు రోజులు. పడవ ఎక్కుతూ, "నీళ్లు పొయ్యి. కొయ్య సుత్తి ముట్టుకోకు," అన్నాడు.

ఫూమో ఒక రోజు ముట్టుకోలేదు.

రెండో రోజు తిమా పందిరి దగ్గరికి వచ్చి కుడి పక్క అతుకులోకి వేలు పెట్టి, తీసి, వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక అతను షే సంచి విప్పాడు. మొద్దు ఉలీ సుత్తీ తీశాడు. చిన్నప్పుడు తండ్రి పక్కన ఈ పని చేసినవాడే. దూది తాడులా పేని అతుకులో పెట్టి కొట్టాడు. లోపలికి పోయింది. ఇంకా పెట్టాడు. ఇంకా కొట్టాడు. గట్టిగా, పూర్తిగా, గాలి కూడా దూరనంతగా. చేతికి పని దొరికింది. మూడు రోజులు సుత్తి చప్పుడు మసీదు దాకా వినిపించింది. సాయంత్రం నీళ్లు పోస్తే కుడి పక్క నుంచి ఒక్క చుక్క కారలేదు. ఆ రోజు అరుగు మీద కాఫీ తాగుతూ రెండు కాళ్లూ మెట్టు మీద పెట్టాడని చూసినవాళ్లు చెప్పారు.

షే తిరిగి వచ్చి నేరుగా పందిరికి వెళ్లాడు. సుత్తి పిడితో కుడి పక్క పలకల మీద తట్టుకుంటూ ముందు నుంచి వెనక్కి నడిచాడు. ఒకచోట ఆగి చెయ్యి పెట్టాడు. అక్కడ మూడు మేకుల తలలు బియ్యపు గింజంత బయటికి లేచి ఉన్నాయి. లోపలికి వంగి చూశాడు. పలకలను లోపలి నుంచి పట్టి ఉంచే పక్కకర్ర ఒకటి నిలువునా చీలింది.

ఫూమో తిట్టు కోసం ఎదురుచూశాడు. జవాబు కూడా సిద్ధంగా ఉంది.

షే సుత్తిని కింద పెట్టాడు. "ఫూమో గారూ, ఇది మీరు చేసిందేనా?" అన్నాడు.

యాభై ఏళ్లలో ఆ నోట అలాంటి మాట రాలేదు.

"పలకలకు ఉబ్బడానికి చోటు లేదు," అన్నాడు షే, తెలియని మనిషికి చెప్పినట్టు. "ఇంకా తడిస్తే ఒకదాన్నొకటి తోసుకుని మేకుల్ని పెరుక్కుంటాయి. నీళ్లలో రెండు రోజులు ఉంటే ఈ పక్క ఊడి వస్తుంది. పెట్టిన దూదంతా తీసేయాలి. తీశాక మళ్లీ పెట్టడానికి రోజులు లేవు. మీ ఇష్టం."

"బావా."

షే సుత్తి తీసి సంచిలో పెట్టాడు.

"బావా, ఒక్క తిట్టు తిట్టరా."

"పెద్దవారు," అని షే సంచి సర్దుకుని ఇంటికి వెళ్లాడు.

ఆ రోజు నుంచి పోటు ముందు రోజు దాకా ఫూమో దూది పీకాడు. కొక్కెంతో, కత్తితో, చివరికి వేళ్లతో. కొట్టినంత తేలిగ్గా రాలేదు. పోటు రోజు పొద్దుటికి కుడి పక్క మళ్లీ పగుళ్లతో నిలబడింది. ఎండ అటు నుంచి ఇటు పడింది.

దింపే రోజు ఊరంతా తాళ్లు పట్టుకోవడం ఇక్కడి అలవాటు. అందరూ వచ్చారు. షే కూడా వచ్చాడు, కానీ తాడు చివర నిలబడ్డాడు. దుంగలు వేసి లాగాం. నీళ్లు అడుగు దూలాన్ని అందుకున్నాయి, పడవ తేలికగా లేచింది, వెంటనే కుడి పక్క నుంచి నీళ్లు లోపలికి దూకాయి. ఎవరో తోడడానికి డబ్బా అందించారు.

ఫూమో తీసుకోలేదు. "రాళ్లు అందించండి," అన్నాడు.

"ఏంటి?"

"రాళ్లు. ముంచుతున్నాను."

సరంగు తన పడవను ఊరి ముందు తానే ముంచడం మేము చూడలేదు. ఎవరూ కదల్లేదు. అతనే నడుము లోతు నీళ్లలో నడిచి ఒడ్డు నుంచి పగడపు రాయి ఒకటి తెచ్చి లోపల పెట్టాడు. మళ్లీ వెళ్లాడు. మూడోసారి షే తాడు వదిలి తనూ ఒక రాయి ఎత్తాడు. తర్వాత అందరం ఎత్తాం. చిన్న పోటుకు కూడా మునిగే చోటికి దాన్ని నడిపించి, నింపి, కూర్చోబెట్టాం. అంచు మాత్రం నీళ్ల పైన గీతలా మిగిలింది.

మర్నాడు ఆటు వేళకు తిమా కుర్చీల అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. తౌసి బురదలో ఒరిగి, నిండా నీళ్లతో ఉంది. అతను చెప్పులు చేతిలో పట్టుకుని దగ్గరికి వెళ్లాడు. పలక మీద తట్టి, వేలు నాకి చూశాడు.

"అమ్మా, ఏడేళ్లు ఎండిన చెక్క అని కదా చెప్పారు? ఇది మళ్లీ ఉప్పు తాగేసింది. ఇప్పుడు కోస్తే కుర్చీ నెలకే వంకర పోతుంది. దీన్ని నేనేం చేసుకోను?" అని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

తిమా తమ్ముడి వైపు తిరిగింది. "కావాలనే ముంచావు."

"లేదు అక్కా. వాడి సంగతి నాకు తట్టనే లేదు."

ఆమె అతని మొహం చాలాసేపు చూసింది. "తట్టి ఉండదులే," అంది. "నీకు అంత తెలివి ఎక్కడిది? ఇప్పుడు ఇది తేలకపోతే నాకు బురదలో ఒక వంతు. ఎన్నాళ్లు?"

"పన్నెండు రోజులు. పలకలు నీళ్లు తాగాలి. ముట్టుకోకూడదు."

"ముట్టుకోకుండా నువ్వా?"

ఆ పన్నెండు రోజులు అతను మనిషిలా లేడు. చేయడానికి ఏమీ లేదు. ప్రతి పోటుకూ ఒడ్డుకు వచ్చేవాడు, ప్రతి ఆటుకూ వచ్చేవాడు. మధ్యలో తాళ్లు విప్పి మళ్లీ పేనేవాడు. అన్నం సగంలో వదిలి లేచేవాడు. నాలుగో రోజు నుంచి తిమా కూడా రావడం మొదలుపెట్టింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఆ గీతనే చూసేవాళ్లు. ఆరో రోజు ఆమె, "నువ్వు ఇంటికి పో, నేను చూస్తాను," అంది. అతను వెళ్లలేదు. ఆమె కూడా వెళ్లలేదు.

పదమూడో రోజు ఆటుకు రాళ్లు తీశారు. షే లోపలికి దిగి వంగి కుడి పక్క అతుకులన్నీ వేలితో తడిమాడు. పగుళ్లు మూసుకున్నాయి. గోరు కూడా దూరడం లేదు. మిగిలిన సన్నని సందుల్లో అక్కడక్కడ దూది పెట్టాడు. అరచేత్తో నొక్కాడంతే, సుత్తి వాడలేదు. చీలిన పక్కకర్రకు పక్కన బద్ద వేసి బిగించాడు. ఫూమో, తిమా, ఇంకో ఇద్దరు నీళ్లు తోడారు. తిమా బట్ట మోకాళ్ల పైకి దోపి మగవాళ్లతో సమానంగా డబ్బా విసిరింది. అడుగున కొంచెం మిగిలాక షే పక్కకర్ర మీద నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత గీశాడు.

పోటు వచ్చింది. పాయ బురద మీదుగా మెల్లగా పాకి పడవ కింద చేరింది. వెనక భాగం ముందుగా కదిలింది. తర్వాత అడుగు దూలం బురదను వదిలినప్పుడు అందరి కాళ్ల కిందా తెలిసింది.

షే గీత చూస్తూ కూర్చున్నాడు. పోటు నిండేసరికి లోపలి నీళ్లు గీత కన్నా ఒక వేలు పైకి వచ్చాయి. అక్కడ ఆగాయి. చీలిన పక్కకర్ర దగ్గర ఒక చోట మాత్రం సన్నగా చెమర్చుతోంది.

ఫూమో ఆ చోట అరచెయ్యి పెట్టి షే వైపు చూశాడు.

"అది నీ చేతి పని బావా," అన్నాడు షే. "దాన్ని నేను మూయను. ఊళ్లోవాళ్లు అడిగితే ఎవరు కొట్టారో చెప్పడానికి ఒక గుర్తు ఉండాలిగా. గాడిద కూడా అంతకన్నా మెత్తగా తంతుంది."

ఫూమో మొహం పక్కకు తిప్పుకుని, "నీ పళ్లన్నా మూసుకోరా," అన్నాడు.

తిమా బట్ట పిండుకుంటూ, "కుర్చీలవాణ్ని మళ్లీ రావద్దంటాను," అంది. అతను విన్నట్టు లేదు. ఒడ్డుకు దిగి వెళ్లి తెరచాప భుజాన వేసుకుని వచ్చాడు. కొయ్య నిలబెట్టారు. తాళ్లు బిగించారు. గాలి లేదు. ఉత్తరపు గాలి పోయింది, దక్షిణపు గాలి ఇంకా రాలేదు. ఈ రోజుల్లో అంతే. వారం పట్టవచ్చు, పది రోజులు పట్టవచ్చు.

అందరూ ఇళ్లకు వెళ్లారు. ఫూమో పడవ మీదే ఉన్నాడు. ముందు కొసకు నడిచి మడ చెట్ల ఆకుల వైపు చూశాడు. కదలడం లేదు. వెనక్కి నడిచాడు. అతను వెళ్లిన వైపల్లా తౌసి కొంచెం కుంగి, మళ్లీ లేచింది.