నాలుగో తరగతికి ‘తర్వాత’ లేదు

ఈ సంగతి రాసి పెట్టాలనిపించడానికి కారణం ఒక వాక్యం. బోధన్ అవతల ఒక ఊరి బడిలో పిల్లల తెలుగు చదువు మీద మేం చేసిన చిన్న పరిశోధన రిపోర్టులో అది ఉంది: ‘స్థానిక కారణాల వల్ల పరిశోధన పద్ధతిలో మార్పు చేయడమైనది.’ రాసింది నేనే. అంతకుముందు ఇతరుల కోసం ఇలాంటివి ఎన్నో టైప్ చేశాను కూడా. ఏ రిపోర్టులోనూ ఆ స్థానిక కారణాలు ఏమిటో ఉండదు. రేపు ఇంకెవరో ఇలాంటి పరిశోధనకు ప్లాన్ వేసుకుంటూ మా రిపోర్టు తీస్తే, వాళ్లూ మేం ఆగిన చోటే ఆగుతారు. అందుకే, ఓపిక అంతగా లేకపోయినా రాస్తున్నాను.

మొన్న గడిచిన విద్యా సంవత్సరం, వానాకాలం మొదట్లో మొదలైంది ఇది. నేను నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. అంటే ఆఫీసులో వేసిన ప్లాన్‌ను ఊళ్లోకి తీసుకెళ్లి, ఊళ్లో జరిగింది ఆఫీసుకు మోసుకొచ్చే మనిషిని. చదివింది ఇంటర్. అంతకుముందు చాలా ఏళ్లు డీటీపీ, బైండింగ్ షాపు నడిపాను. బీఎడ్ ప్రాజెక్టులు, పీహెచ్‌డీ థీసిస్‌లు నా చేతుల మీదుగా పోయేవి. హైపోథిసిస్, శాంపుల్ అని టైప్ చేసి చేసి, వాటి అర్థం తెలియకుండా ఇంకెన్నాళ్లు అనిపించి జిల్లా గ్రంథాలయంలో చేరాను. పరిశోధన పద్ధతుల మీద తెలుగులో దొరికినవి అయిపోయాక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ పుస్తకాలు పట్టాను. ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం పట్టేది. ఆ చదువంటే నాకు గర్వమే, దాచుకోను. సంస్థ నన్ను తీసుకున్నది కూడా దాన్ని చూసే.

ఆ ఊరు కాలువ కింద దాదాపు ఆఖరున ఉంటుంది. ఒకప్పుడు చెరకు వేసేవారు, ఇప్పుడు ఎక్కువగా వరే. ఎగువన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు, దిగువన పాత ఊరు. రెండింటి పిల్లలకూ బడి ఒకటే. నాలుగో తరగతిలో చాలామందికి పాఠ్యపుస్తకం చదవడం రాదు. మాట్లాడమంటే ఆపకుండా మాట్లాడతారు, పుస్తకం తెరిస్తే నోరు పెగలదు. ఇంట్లో వినే తెలుగు వేరు, పుస్తకంలోది వేరు. మేం చేద్దామనుకున్నది తేలికైన పనే. బడి వదిలాక ఒక గంట పిల్లల్ని కూర్చోబెడతాం. పిల్ల తన మాటల్లో ఏదో చెబుతుంది. చెప్పింది చెప్పినట్టు టీచర్ చార్టు మీద రాస్తుంది. పిల్ల తన మాటనే తాను చదువుకుంటుంది. అక్కడి నుంచి మెల్లగా పుస్తకంలోకి దాటిస్తాం. ఆ ఊళ్లోనే డిగ్రీ చదివిన రజిత ఆ గంట చూసుకుంటానంది.

కానీ మాకు నిధులిచ్చే సంస్థకు పిల్లలు బాగుపడ్డారంటే చాలదు. ఈ గంట వల్లే బాగుపడ్డారని చూపించాలి. దానికి కంట్రోల్ గ్రూప్ కావాలి. అంటే మిగతా అన్నింట్లో సమానంగా ఉండి, ఈ కొత్త పద్ధతి మాత్రం అందని పిల్లల గుంపు. చిట్టీలు తీసి తరగతిని రెండుగా విడదీస్తాం. సగం మందికి ఇప్పుడు చెబుతాం, మిగతా సగానికి మొదటివాళ్ల లెక్క తేలాక చెబుతాం. దీన్ని వెయిట్‌లిస్ట్ పద్ధతి అంటారు. ఎవరికీ పూర్తిగా లేకుండా పోదు కాబట్టి పుస్తకాలు దీన్ని న్యాయమైన దారి అంటాయి. ఆ ప్లాన్ ఎన్నిసార్లు తిరగరాశానో నాకే గుర్తులేదు. చివరికి మా సలహాదారు, డిచ్‌పల్లిలో ఉండే రిటైర్డ్ లెక్చరర్ సుజాత మేడం “ఇప్పుడు పద్ధతిగా ఉంది” అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని బోధన్ బస్సెక్కాను.

బడి వరండాలో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టాం. ఆడవాళ్లు చాలామంది బీడీలు చుట్టే చాటలతోనే వచ్చి కూర్చున్నారు. హెడ్‌మాస్టర్ నర్సింలు సార్ నన్ను చూపించి, “చెప్పమ్మా” అని తాను కుర్చీలో వెనక్కి వాలారు.

“చిట్టీల పేరు వచ్చినోళ్లకు గిప్పుడు చెప్తం, రానోళ్లకు తర్వాత చెప్తం” అన్నాను.

“గిది కాల్వ వంతు లెక్కనే ఉన్నది గదా” అన్నాడు లింబాద్రి. కాలువ నీళ్లు వంతులవారీగా వదులుతారు, అతని మడి అన్నింటికీ ఆఖరుది. కూతురు అక్షిత నాలుగో తరగతి.

“వంతే అన్నా. అందరికి వస్తది.”

“కాల్వ సారు గూడ గట్లనే చెప్తడు.”

ఆ వంతు ఆఖరి మళ్ల దాకా రాదని తెలిసిన వాళ్లే కాబట్టి అందరూ నవ్వారు. క్యాంపు నుంచి వచ్చిన వెంకట్రావు గారు మాత్రం నవ్వలేదు. “చిట్టీ అంటే మంచిదేనండీ. ఎవరి అదృష్టం వాళ్లది, గొడవుండదు” అన్నారు.

“నీకేంది రావుగారు, తూము నోట్లెనే కూసున్నవు. నీకు అదృష్టంతోని ఏం పని?”

“మావాడు బాగానే చదువుతాడు లింబాద్రీ. నా కోసం అనట్లేదు.”

“సదువుతడు మల్ల. మొదలు నీళ్లు తాగెటోడు సదువకేం జేస్తడు?”

అప్పటిదాకా తల వంచుకుని బీడీలు చుడుతున్న లింబాద్రి భార్య గంగామణి నా వైపు చూసింది. “అక్కా, తర్వాతంటే ఎప్పుడు?”

“ఎండకాలం మొదట్ల.”

“గురుకులం పరీక్ష అయినంకనా?”

గురుకులాలంటే సర్కారు నడిపే హాస్టల్ బడులు. ఐదో తరగతిలో సీటుకు నాలుగులో ఉండగానే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ ఊరి పిల్లలకు ఇంటికి భారం కాకుండా ఇంటర్ దాకా చదివే దారి అదొక్కటే. మా ప్లాన్‌లో మొదటి దశ, రెండో దశ అని రెండు గడులున్నాయి. ఆ పరీక్ష సరిగ్గా వాటి మధ్యన పడుతోంది. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. కాగితం మీద వాళ్లంతా శాంపుల్. శాంపుల్‌కు నాలుగో తరగతి ఒక్కసారే వస్తుందని ఎవరం అనుకోలేదు.

“మా పొల్లకు లెక్కలొస్తయక్కా” అంది గంగామణి. “ప్రశ్న సదవరాదు. ఇంట్ల సదివి చెప్దమంటే నాకు రాదు, ఆయనకు రాదు. పరీక్ష అయినంక నువ్వు నేర్పిస్తే ఏం జేసుకుంటది? ఐదుల కూసోని గా పాత పేపరు సదువుకుంటదా?”

నర్సింలు సార్ కుర్చీలో ముందుకు వంగారు. లింబాద్రే మళ్లీ అందుకున్నాడు. “గట్లయితే ఆన్ ఆఫ్ పెట్టుండ్రి. నీళ్లు తక్కువుంటే కాల్వకు పెడ్తరు గదా. ఒక వారం వీళ్లకు, ఒక వారం వాళ్లకు.”

అలాంటి పద్ధతి ఒకటుందని నేను చదివాను. క్రాస్‌ఓవర్ అంటారు. చదివిన మాట నోటికొచ్చేసరికి కాస్త ఉత్సాహంగానే చెప్పాను. “ఉన్నదన్నా. గని అది గిక్కడ పని జెయ్యదు. మడి ఆరిపోతది గాబట్టి మల్ల నీళ్లు పెడ్తరు. సదువు ఆరిపోదు. ఈ వారం నేర్సుకున్నది వచ్చే వారం గూడ ఉంటది. అప్పుడు దేనివల్ల వచ్చిందో మాకు లెక్క తెల్వదు.”

“ఉంటె మంచిదే గదా అక్కా. ఉండద్దా మీకు?” అన్నాడు లింబాద్రి.

వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తిరుగు బస్సులో నిలబడే వచ్చాను. తర్వాత కొన్ని రోజులు గ్రంథాలయంలో కూర్చుని దారులు వెతికాను. నాలుగు వదిలేసి మూడో తరగతి మీద పరిశోధన చేయవచ్చు. కానీ ఉన్నది ఒక్క రజిత, ఒక్క గంట. అప్పుడు నాలుగుకు ఏమీ మిగలదు. నాలుగో తరగతి మొత్తాన్నీ తీసుకుంటే కంట్రోల్ గ్రూప్ ఉండదు. ఎటు తిప్పినా ఒకటి పోతోంది. విసుగొచ్చి, కాగితాలు సంచిలో పడేసుకుని డిచ్‌పల్లి వెళ్లాను.

మేడం అంతా విన్నారు. “అందరినీ తీసుకుంటే పోల్చడానికి ఎవరుంటారు? పిల్లలు పెరిగారంటావు. ఎట్లాగూ పెరిగేవాళ్లే కదా అంటారు. ఏం చెప్తావు?”

“చెప్పలేను మేడం.”

“రెండో ఏడాది నిధులు రావు. మిగతా ఊళ్లకు పోదామనుకున్నాం, అదీ ఆగిపోతుంది. ఆ ఊళ్లలోనూ పిల్లలున్నారు.”

“తెలుసు మేడం.”

ఆమె చాలాసేపు కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పారు. “ఆ పాప పేరేంటన్నావు?”

“అక్షిత.”

“అందరినీ ఒకేసారి కాకుండా, కొంచెం కొంచెం ఎడంతో మొదలుపెట్టు. ఆగి ఉన్నవాళ్లతో ఆ కొన్ని వారాలైనా పోల్చుకోవచ్చు. ఎవరు ముందో చిట్టీలు తియ్యి. పరీక్షకు చాలా ముందే అందరూ లోపల ఉండాలి.”

దీన్ని స్టాగర్డ్ స్టార్ట్ అంటారు. బలహీనమే, కానీ ఏమీ లేకపోవడం కంటే నయం. అది పట్టుకుని మళ్లీ ఊరికి వెళ్లాను.

“ఎడమంటే మల్ల వంతే గదా” అన్నాడు లింబాద్రి. “వంతంటే ఎన్నడూ పైనుంచే. గీసారి ఆఖరి మడికెళ్లి రానియ్యండ్రి. అస్సలు సదవరానోళ్లు ముందుగాల.”

చిట్టీలు తియ్యకపోతే ముందువాళ్లూ వెనకవాళ్లూ సమానంగా ఉండరు, పోలికకు మిగిలిన కాస్త బలమూ పోతుందని నాకు తెలుసు. చెప్పబోయి, మానేశాను. అందరూ వెంకట్రావు గారి వైపు చూశారు. ఆయన కండువాతో మెడ తుడుచుకున్నారు. “సరేనండీ. మావాడు ఆఖర్న వస్తాడు. ఈ ఒక్క తూరికి కిందనుంచే పారనివ్వండి.”

“రావుగారు, నీళ్లు గూడ గిట్లనే ఇడిసిపెట్టరాదు?”

“అది మాత్రం అడక్కు.”

అలా మొదలైంది. నాట్ల రోజుల్లో సగం మంది రాలేదు. పసుపు తవ్వకాలకు కూలికెళ్లే తల్లులు ఇంట్లో చిన్నపిల్లల్ని కూడా ఈ నాలుగో తరగతి పిల్లలకే అప్పగించి వెళ్లేవారు. రజిత గొంతు బొంగురుపోయింది. నీళ్ల కోసం తండ్రి కాలువ దగ్గరే పడుకున్న సంగతి అక్షిత చార్టు మీద రాయించుకుంది, ఆ మొదటి మాటలు నాకు ఇప్పటికీ గుర్తే: ‘మా బాపు కాల్వ కాడ పండిండు. నీళ్లు రాలె.’ వేలు పెట్టి చదివింది. చదివి, అది తన మాటేనా అన్నట్టు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది.

ఏడాది చివర పిల్లల చదువు మెరుగుపడింది. ఈ గంట వల్లే మెరుగుపడిందని చెప్పే ఆధారం మాత్రం లేదు. అదే మాట రాసి నిధుల సంస్థ రెండో ఏడాదికి వద్దంది. నాకు కోపం రాలేదు. నేను చదివిన పుస్తకాల ప్రకారం వాళ్లన్నది సరైనదే. మిగతా ఊళ్లు మిగతా ఊళ్లుగానే ఉండిపోయాయి.

గురుకులం సీట్లు ఆ తరగతిలో కొందరికి వచ్చాయి. అక్షితకు రాలేదు. విని ఆ ఇంటికి వెళ్లాను. గంగామణి గడప దగ్గర చాట పెట్టుకుని ఉంది.

“సీటు రాలేదక్కా” అంది. “గని పేపరంత సదివిందంట. జవాబు రాక ఇడిసిపెట్టినయి ఉన్నయంట. సదవరాక ఇడిసిపెట్టింది ఒక్కటి లేదంట.” చేతులు ఆగలేదు. “గది నీ రిపోర్టుల రాస్తవా?”

“దానికి రిపోర్టుల జాగ లేదు గంగామణీ.”

“మరి ఏడ రాస్తవు?”

ఇదిగో, ఇక్కడ రాశాను. ఈ పని నాకు నేర్పింది ఇంతే: ప్లాన్‌లో తర్వాత అనే మాట రాసే ముందు, ఆ తర్వాత ఎవరికి ఉందో, ఎవరికి లేదో వాళ్లనే అడగాలి. అడిగితే డిజైన్ బలహీనపడవచ్చు. మాది పడింది. ఆ నష్టం చిన్నదని నేను ఇప్పటికీ అనను.

నేను టైప్ చేసిన ప్రతి థీసిస్‌లోనూ కృతజ్ఞతలు గైడ్ గారితో మొదలై, మా షాపు దాకా రాకముందే అయిపోయేవి. అందుకని నేను ఆఖరి మడి నుంచి వస్తాను. మొదట అక్షితకు. తర్వాత, ఎప్పుడు అని అడిగిన గంగామణికి, ఆన్ ఆఫ్ పెట్టమన్న లింబాద్రన్నకు. గొంతు పోయినా గంట మానని రజితకు. కొడుకును ఆఖరున నిలబెట్టిన వెంకట్రావు గారికి. సాయంత్రాలు బడి తాళంచెవి మాకిచ్చి వెళ్లిన నర్సింలు సార్‌కు. చివరగా సుజాత మేడంకు. పేరు కింద ఉన్నందుకు ఆమె ఏమీ అనుకోరు. బలహీనమని తెలిసీ ఆ డిజైన్ మీద సంతకం పెట్టింది ఆమే.