కొమురెల్లిని ఓడించిన డ్రమ్ము

కొమురెల్లికి ఏ వస్తువు కనిపించినా అది ఏ సంవత్సరంలో పుట్టిందో చెప్పకపోతే తిన్నది అరగదు. ఎవరూ అడగాల్సిన పనిలేదు. నడివేలు మడిచి కణుపుతో రెండుసార్లు టకటకా కొడతాడు, తల ఒక పక్కకు వాలుస్తాడు, కళ్ళు మూస్తాడు. "డెబ్బై ఎనిమిది" అంటాడు. అంతే, ఆ బిందెకో ఆ తలుపుకో జాతకం రాసేసినట్టే.

కోరుట్లలో అతనిది బ్యాండు సామాన్లు బాగుచేసే దుకాణం. పెళ్ళిళ్ళ సీజను ముగిసిందంటే జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఉన్న మేళాలవాళ్ళు తోలు చిరిగిన డ్రమ్ములూ, సొట్టలు పడ్డ బూరలూ మోసుకొచ్చి అతని ముందు పడేస్తారు. వాటి వయసు చెప్పి ఊరుకుంటే ఏ గొడవా లేదు. ఆ వేలు ఊరుకోదు కదా. పెళ్ళయినప్పటి నుంచీ అతని భార్య సుజాత కాపురం చేస్తున్నది ఆ వేలితోనే.

ఒకసారి ఇద్దరూ జగిత్యాల బస్సులో నిలబడి పోతున్నారు. కొమురెల్లి పైకమ్మీని టకటకా కొట్టాడు.

"సుజాతా, గీ బస్సు తొంభై తొమ్మిదిది. సీట్లు మాత్రం తర్వాత ఏసిన్రు."

"టికెట్ ఏడికి?" అంటూ కండక్టరు వచ్చాడు.

"గా టికెట్ల మిషిను ఒక్కసారి ఇయ్యే, చూసిస్త."

"ఏడికో చెప్తవా అన్నా, ఈడనే దిగుతవా?"

సుజాత గబగబా రెండు టికెట్లు తీసుకుని, జగిత్యాల వచ్చేదాకా మొగుడి వేలు తన పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఈ వయసులో ఎంత ప్రేమో అని వెనక సీట్లో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు.

మస్కట్ నుంచి వచ్చిన మహేందర్ ఇంటికి వెళ్ళేటప్పుడైతే ముందే ఒట్టు వేయించుకుంది. పాపం, మాట తప్పలేదు, చేతులు కట్టుకునే కూర్చున్నాడు. "గీ టీపాయి నవాబుల కాలంనాటిది, హైదరాబాదుల కొన్న" అని మహేందర్ మీసం మెలేసేసరికి మాత్రం తట్టుకోలేక కాలి బొటనవేలితో కొట్టాడు. "రెండువేల పద్దెనిమిది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వీళ్ళకు చాయ్ అరుగు మీదే ఇస్తున్నారు. కొమురెల్లికి అదీ సంతోషమే. అరుగు ఎనభై ఒకటిదట.

ఇంత మొనగాడికీ ఒక మచ్చ ఉంది. అది సుజాత కుట్టుమిషను. ఆమె తండ్రి లస్మయ్య తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి. కొత్తదని చెప్పి పెళ్ళిలో బిడ్డకు ఆ మిషను పెట్టాడు. కొమురెల్లి మేనత్తలు దాని చుట్టూ మూగి, రంగు గీకి చూస్తూ మూతులు తిప్పుకుంటుంటే, పెళ్ళికొడుకు పీటల మీది నుంచి లేచి వచ్చాడు. టకటకా కొట్టి, "గీ ఏడాదిదే. ఇప్పుడే డబ్బలకెల్లి తీసిన్రు" అని అందరికీ వినపడేలా చెప్పాడు. కొన్నేళ్ళకు సిరిసిల్ల మెకానిక్ రాజేందర్ దాన్ని విప్పి, "అక్కా, గిది నీకంటె పెద్దది. రంగేసి అమ్మిన్రు" అని నవ్వాడు. సుజాతకు ఆయుధం దొరికింది. అప్పటి నుంచి మొగుడు ఏ సంవత్సరం చెప్పినా, "మన మిషినుకు చెప్పినట్టేనా?" అంటుంది. కొమురెల్లి వేలు జేబులో దాచుకుంటాడు.

అలాంటి కొమురెల్లి దగ్గరికి మొన్న వానాకాలంలో ముస్తాబాద్ నుంచి పోచయ్య డ్రమ్ము వచ్చింది. డ్రమ్ముతో పాటు పోచయ్య, అతని భార్య ఎల్లవ్వ, మనవరాలు అఖిల కూడా దిగారు. ఊళ్ళో చర్చి కట్టిన కొత్తలోనే పోచయ్య ఆ డ్రమ్ము మెడకు తగిలించుకుని క్రిస్మస్ ఊరేగింపులో వాయించాడు. మెడకు వేలాడే చిన్న డ్రమ్ము, అడుగు తోలుకు తీగలు తగిలి గలగలలాడేది. ఇంగ్లీషువాళ్ళ పటాలంలో మోగిన లండను డ్రమ్మనీ, సికింద్రాబాద్‌లో ముసలి బ్యాండు మాస్టరొకాయన తన వాయిద్యం మెచ్చి ఇనాముగా ఇచ్చాడనీ ఊరంతా చెప్పుకుంటుంది. ఇప్పుడు చర్చికి యాభై ఏళ్ళ పండుగ. డ్రమ్మును అద్దాల పెట్టెలో పెడతారట.

"మామా, పుట్టిన సంవత్సరం చెప్పుండ్రి. పాస్టరుగారు బోర్డు రాయిస్తరట" అంది అఖిల.

"ఎందుకు బిడ్డా, పాతదంటే పాతదే. ఇప్పితే పాడైతది" అన్నాడు పోచయ్య. డ్రమ్మును చంటిపిల్లలా పొదువుకుని వదలడం లేదు. అఖిలే లాక్కుని ఇచ్చింది.

సుజాత చాయ్ తెచ్చింది. పోచయ్య చేతిలో సాసరు గలగలలాడుతోంది.

"చేతులు వణుకుడు బిడ్డా ఈయనకు. ఏ డాక్టరుకు చూపిచ్చినా ఏం లేదంటుండు" అని ఎల్లవ్వ మాట కలిపింది. "ఈ డ్రమ్ము తెచ్చిన ఏడాదే నా పెండ్లి గంగాళం పోయింది. మా నాయిన పెట్టిన ఇత్తడిది. నేను తల్లిగారింటికి పోయి అచ్చేసరికి దొంగలెత్తుకపోయిన్రని చెప్పిండు ఈయన. పొద్దుగాల పొయ్యి మీద నీళ్ళు పెట్టినప్పుడల్లా గా దొంగను తిడుత. వాని చేతులు పడిపోను!"

సాసరు కింద పడింది.

కొమురెల్లికి అవేవీ పట్టలేదు. డ్రమ్మును టకటకా కొట్టాడు. నొసలు ముడిపడ్డాయి. మళ్ళీ కొట్టాడు. "సుజాతా, టార్చి పట్టుకరా" అంటూ లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. రెండు తోళ్ళూ విప్పాడు. బయటంతా దట్టంగా ఆకుపచ్చ రంగు. లోపల మాత్రం ఉత్త ఇత్తడి. దాని మీద చుక్కలు చుక్కలుగా ఏదో ఉబ్బి ఉంది.

పెళ్ళిసామాన్ల మీద చిన్న ఉలితో చుక్కలుగా పేర్లు కొట్టించడం మన దగ్గర మామూలే. బయట కొట్టిన అక్షరాలు రంగు కింద దాక్కున్నా, లోపల తిరగబడి ఉబ్బి ఉన్నాయి. కొమురెల్లి గోడకున్న అద్దం తీసి ఎదురుగా పెట్టాడు. ఎల్లవ్వ పెండ్లి, 1971.

"లండన్ల గంగాళాలు సుత చేస్తరా?" అంది సుజాత, గొంతు తగ్గించి.

"మూతి కోసిండు, అడుగు కోసిండు, నడుమ మిగిలింది డ్రమ్ము చేసిండు. అబ్బ, ఏం తెలివే!" అన్నాడు కొమురెల్లి. అతని కళ్ళు మెరిసిపోతున్నాయి.

ఆ మెరుపు సుజాతకు తెలియనిది కాదు. ఈ మనిషి నోట్లో సంవత్సరం ఏనాడూ ఆగలేదు. బయట ఆ ముసలాయన పరువు, ముసలి వయసులో కాపురం, రెండూ ఈ నోటి మీదే వేలాడుతున్నాయి. "ఏమయ్యో, జర ఆగు, నీ కాళ్ళు మొక్కుత" అంటున్నా వినకుండా తోళ్ళు బిగించేసి బయటికి నడిచాడు.

పోచయ్య తల దించుకున్నాడు. అఖిల ఫోను తీసి రాసుకోవడానికి సిద్ధంగా ఉంది. పక్క దుకాణం సాయినాథ్ కూడా తొంగి చూస్తున్నాడు. కొమురెల్లి గొంతు సవరించుకున్నాడు.

"నాకు తెల్వదు."

"ఏందీ?" అని సాయినాథ్ అరిచాడు.

"తెల్వదంటే తెల్వదు. గిసొంటి డ్రమ్ము నేను ఇంతవరకు సూడలే. దునియాల ఇంకోటి ఉండది. సంవత్సరం, లండను ఏం రాయకుండ్రి. పోచయ్య డ్రమ్మని రాయుండ్రి, సాలు." ఎల్లవ్వ వైపు తిరిగాడు. "చిన్నమ్మా, గా గంగాళం దొంగ సుత గిప్పటికి ముసలోడై ఉంటడు. ఇగ తిట్టుడు ఇడిసిపెట్టరాదు?"

ఎల్లవ్వ కాసేపు డ్రమ్మును చూసింది. దానికంటే ఎక్కువసేపు మొగుణ్ణి చూసింది.

"సరే తియ్. వాని చేతులు సల్లగుండ" అంది.

తోళ్ళు సరిగ్గా బిగిశాయో లేదో చూడమని కొమురెల్లి కర్రలు చేతికిచ్చాడు. పోచయ్య వాయించాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఊరేగింపు వస్తోందనుకుని పక్కకు జరిగారు. చేతుల వణుకు ఎటు పోయిందోనని అఖిల తాతనే చూస్తూ నిలబడింది.

సాయంత్రానికి కోరుట్లంతా కొమురెల్లి ఓడిపోయాడని తెలిసిపోయింది. మహేందర్ స్వయంగా వచ్చి, "నవాబుల కాలందేమో చూసినవా?" అని వెక్కిరించి, కడుపునిండా నవ్వుకుని వెళ్ళాడు. కొమురెల్లి ఒక బూర సొట్ట తీస్తూ కూర్చున్నాడు.

సుజాత జాకెట్టు కుట్టడానికి మిషను ముందు కూర్చుంది గానీ కాలు ఆడలేదు. మూతులు తిప్పుకుంటున్న మేనత్తలు గుర్తొచ్చారు. వాళ్ళ వెనక, తువ్వాలు నలుపుకుంటూ నిలబడిన తన తండ్రి గుర్తొచ్చాడు. వేలితో కొట్టి గంగాళాన్ని పట్టేసిన ఈ మనిషి ఆ రోజు మిషను వయసు పోల్చలేకపోయాడా? పోల్చి కూడా ఇన్నేళ్ళు తన ఎకసెక్కాలన్నీ నోరు మూసుకుని పడ్డాడా? ఆమెకు అతని మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. దాంతోపాటే నవ్వూ వచ్చింది.

"ఏమయ్యో, గీ మిషిను ఏ ఏడాదిది?"

కొమురెల్లి లేచి వచ్చాడు. టకటకా కొట్టాడు, తల వాల్చాడు, కళ్ళు మూశాడు.

"మన పెండ్లి ఏడాదిదే. ఇప్పుడే డబ్బలకెల్లి తీసిన్రు."

"నిజమే, కొత్తగనే ఉంది" అని సుజాత మిషను తొక్కింది. అది తొంభై తొమ్మిది మోడలు బస్సులా గడగడలాడుతూ బయల్దేరింది.