మూడో అడుగు కోసం ఉదయగిరి దాకా

శనివారం తెల్లారి అయిదూ నలభైకి నెల్లూరు బస్టాండులో ఉదయగిరి బస్సెక్కాను. రెఫరీగా వెళ్లేటప్పుడు ఒక రోజు ముందే బయల్దేరే అలవాటు నాకు లేదు. మ్యాచ్ ఆదివారం ఉదయం, ఆత్మకూరులో. ఆత్మకూరు దాటి ఉదయగిరి దాకా వెళ్లడం దేనికంటే, అక్కడ ఒక అమ్మాయికి నేనొక మాట చెప్పాలి. ఫోన్లో చెప్పొచ్చు. కానీ విజిల్ ఎదురుగా నిలబడి ఊదాను కాబట్టి తప్పయిందన్న మాట కూడా ఎదురుగా నిలబడే చెప్పాలనుకున్నాను.

సంగతి ఇది. నేను ఇరవై ఆరేళ్లుగా పీఈటీని, బాస్కెట్‌బాల్ రెఫరీని. పోయిన ఏడాది ఆత్మకూరు టోర్నమెంటు సెమీఫైనల్లో, చివరి నిమిషంలో ఉదయగిరి అమ్మాయి మల్లీశ్వరి పరుగెత్తుకుంటూ వచ్చి బంతి వేసింది. పడింది. కానీ అంతకు ముందే నేను విజిల్ ఊదాను. బంతి చేతికి వచ్చాక మూడు అడుగులు వేసిందని నా లెక్క. రూలు పుస్తకం దీన్ని ట్రావెలింగ్ అంటుంది, మా గ్రౌండ్లలో అందరూ స్టెప్స్ అంటారు. జట్టు ఒక్క పాయింటుతో ఓడింది. జిల్లా జట్టులోకి ఫైనల్ ఆడినవాళ్లనే తీసుకున్నారు. గత నెల ఫోన్లో జాగా లేక పాత వీడియోలు తీసేస్తుంటే ఆ మ్యాచ్ కనబడింది. నెమ్మదిగా తిప్పి పదిసార్లు చూశాను. ఆ అమ్మాయి అడుగులు సరిగ్గానే ఉన్నాయి.

బస్సు కదలగానే కండక్టర్ వచ్చాడు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనా టికెట్ మాత్రం తీసుకోవాల్సిందే, మీరూ ఆధార్ మరిచిపోకండి. నా పక్కన సోమశిల ఆవిడ, నెల్లూరులో చేపలు అమ్మేసి ఖాళీ టబ్బులతో తిరిగిపోతోంది. ఎక్కడికని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను.

"తప్పు ఒప్పుకునేదానికి ఇంత దూరం పోతాండావా?" అని నన్ను కిందా మీదా చూసింది. "మా ఇంటాయన్ని ఒక తూరి నీతో పంపాల."

ఏడుంబావుకి ఆత్మకూరు. బస్సు పదిహేను నిమిషాలు ఆగింది. స్టాండు బయట కారం దోశ తిన్నాను. వేడిగా ఉంది, కారం మాత్రం జాలి లేకుండా పూశాడు. ఆవిడ టబ్బులతో దిగిపోయింది. ఆత్మకూరు దాటాక సీట్లు ఖాళీ అయ్యాయి. రోడ్డుకు రెండు పక్కలా మెట్ట చేలు, అక్కడక్కడా గొర్రెల మందలు. మందలు రోడ్డుకు అడ్డం పడ్డప్పుడల్లా డ్రైవర్ హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు. నేను రూలు మాటలు మనసులో మరోసారి సరిచూసుకున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను, కష్టమేమీ కాదు. బంతి కొడుతూ పరుగెత్తే అమ్మాయి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాక రెండు అడుగులే వెయ్యాలి. గొడవంతా ఆ లెక్క ఎక్కడ మొదలవుతుందన్న దగ్గరే. బంతి చేతికి అందుతున్న క్షణంలో ఒక కాలు నేల మీద ఉంటుంది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌లో ఆ అడుగును లెక్కలోకి తీసుకోరు, దాని తర్వాత రెండు. అంతర్జాతీయ ఆటలోనూ కొన్నేళ్ల కిందట ఇదే పద్ధతి వచ్చింది, దాన్నే మేం సున్నా అడుగు అంటాం. అదే అమెరికాలో స్కూలు పిల్లల ఆటకొస్తే ఈ సున్నా అడుగు మాట పుస్తకంలో ఉండదు, పాత లెక్కతోనే ఊదుతారు. నిలబడిన చోటు నుంచి బంతి కొట్టడం మొదలుపెట్టేటప్పుడు ముందే కాలు లేపితే మాత్రం ప్రొఫెషనల్ లీగ్‌లో చూసీ చూడనట్టు పోతారు, అంతర్జాతీయ రెఫరీలు పట్టుకుంటారు. మన దేశంలో ఆడేది అంతర్జాతీయ రూలు. అది మారినప్పుడు నేను చదివాను, పరీక్ష కూడా రాసి పాసయ్యాను. కానీ నా నోట్లోని విజిల్ మాత్రం పాతదానికే అలవాటు పడి ఉంది.

ఎనిమిదీ యాభైకి ఉదయగిరిలో దిగాను. కొండ మీద కోట గోడలు ఎండకు ఎర్రగా కనబడుతున్నాయి. పైకి ఎక్కాలనుకునేవాళ్లు ఇంకా ముందు రావాలి, నీళ్లు వెంట తెచ్చుకోవాలి. నేను ఎక్కలేదు. చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే షెడ్డు ఎక్కడని అడుక్కుంటూ వెళ్లాను. కాలేజీ లేని రోజుల్లో మల్లీశ్వరి అక్కడే పని చేస్తుందని వాళ్ల కోచ్ చెప్పారు. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్ల. నేల మీద కూర్చుని ఒక గరిటెకు సాండ్ పేపర్ రుద్దుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

ముందుగా అల్లుకున్న మాటలన్నీ పక్కన పెట్టి చెప్పేశాను. "పోయినేడు నీ మీద నేను ఊదిన విజిల్ తప్పు మల్లీశ్వరీ. అది మంచి బాస్కెట్."

ఆ పిల్ల చెయ్యి ఆపలేదు. "నాకు ఆ పొద్దే తెలుసు మేడం."

"మరి అప్పుడే అడగలేదేం?"

"రెఫరీకి ఎదురు చెప్తే టెక్నికల్ ఫౌల్ ఇస్తారని మా కాలేజీకొచ్చి మీరే కదా చెప్పినారు."

నవ్వొచ్చింది, దాని వెనకే సిగ్గూ వచ్చింది. ఈ ఆదివారం మ్యాచ్ చూసే జిల్లా జట్టును ఎంపిక చేస్తారు. ఈ ఏడాదితో ఆ పిల్లకు వయోపరిమితి దాటిపోతుంది. రేపు ఆ అడుగు ధైర్యంగా వెయ్యమన్నాను.

"మానేసినాను మేడం. రెండుతోనే ఆగి వేస్తాండా. నేను మూడో కాలు పెడితే ఆత్మకూరులో జనం ఊరుకుంటారా? నోటితో లెక్కబెడతారు. వాళ్లు మూడు అంటే ఆడ రెఫరీ పెంచలయ్య సారు ఊదుతారు."

ఇక్కడ నేను దాచకుండా చెప్పుకోవలసింది ఒకటుంది. ఆత్మకూరు గ్రౌండులో ప్రేక్షకులు అడుగులు పైకి లెక్కపెడతారు, అది మరెక్కడా చూడం. బంతి చేతికి తగలగానే జనమంతా ఒకటి, రెండు అంటారు. మూడు అన్నారంటే విజిల్ మోగాల్సిందే. ఆ పద్ధతి మొదలుపెట్టింది నేను. ఎన్నో ఏళ్ల కిందట ఆ గ్రౌండులోనే ఈ పడమటి మండలాల పీఈటీలకు రెండు రోజులు రూల్సు నేర్పాను. జనానికీ ఆట అర్థం కావాలని వాళ్లచేత లెక్క పెట్టించాను. అప్పటి రూలుకు అది సరైన లెక్క. రూలు మారింది, లెక్క నిలిచిపోయింది.

పదిన్నరకు మల్లీశ్వరి వాళ్ల నాయన వచ్చాడు. గొర్రెల మందను నీళ్ల దగ్గర వదిలి కూతురికి అన్నం క్యారేజీ తెచ్చాడు. విషయం విని తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"అయితే తప్పు మీదేనా మేడం? మరి పోయినేడు మా పాప ఆడాల్సిన జాగాలో ఎవరు ఆడినట్టు?"

కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. క్యారేజీ మూత తీసి నాకూ పెట్టాడు. రాగి సంగటి, చెనిక్కాయల పచ్చడి. ఇబ్బందిగానే తిన్నాను, కానీ కడుపునిండా తిన్నాను.

రెండింటి బస్సులో వెనక్కి బయల్దేరి మూడూ నలభైకి ఆత్మకూరు చేరాను. స్టాండు దగ్గరే లాడ్జిలో గది దొరికింది. గది శుభ్రం, ఫ్యాను చప్పుడెక్కువ. అయిదింటికి పెంచలయ్య వచ్చాడు. రేపటి మ్యాచ్‌కు రెండో రెఫరీ అతనే, నా దగ్గర నేర్చుకున్నవాడే. టీ తాగుతూ వీడియో చూపించాను.

"అవును మేడం, సున్నా అడుగే. పుస్తకంలో నేనూ చదివినాను," అన్నాడు. "అయితే జనం మూడు అన్నాక నోరు ఊరుకోదు. మీరు నేర్పించిందే కదా."

"రేపు ఊరుకోవాలి."

"ఊరుకుంటాను," అన్నాడు. అతని మాట మీద నాకు నమ్మకం ఉంది. అతని నోటి మీదే అంత లేదు, నా నోటి మీద కూడా లేదు.

ఆదివారం ఎనిమిదికి ఉదయగిరికీ ఆత్మకూరుకీ ఆట మొదలైంది. ఎంపిక చేసే ఆయన టేబుల్ పక్కన నోటు పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. గ్రౌండు చుట్టూ ఆత్మకూరు జనం, ఒక పక్క ఆడవాళ్ల వరస. మొదటి క్వార్టర్లోనే మల్లీశ్వరి నిలబడిన చోటు నుంచి బంతి వదలకముందే కాలు లేపింది. ఊదాను. అది నిజంగా స్టెప్స్, ఆమె కూడా తలూపింది. ఆ తర్వాత చివరి క్వార్టర్ దాకా రెండు అడుగులకే ఆగి వేసింది. ఆగిన చోట ఆత్మకూరు పొడుగు పిల్ల ఎదురుగా చేతులు చాపి నిలబడేది. బంతి పడలేదు. ఆయన నోటు పుస్తకం మూసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఇంకా రెండు నిమిషాలుంది. ఉదయగిరి ఒక్క పాయింటు వెనక. మల్లీశ్వరి ఎడమ పక్క నుంచి దూసుకొచ్చింది. బంతి అందుకుంటూ ఒక కాలు, తర్వాత రెండు. జనం ఒకటి, రెండు, మూడు అన్నారు. విజిల్ మోగింది. బంతి రింగులో నుంచి కిందికి జారింది. ఊదింది పెంచలయ్య.

ఒక రెఫరీ నిర్ణయాన్ని మరో రెఫరీ కొట్టెయ్యకూడదు. నేను అతని దగ్గరికి నడిచాను. అతని మొహం పాలిపోయింది.

"దానంతటది మోగింది మేడం. నాదే పొరపాటు. పైకి చెప్పేస్తాను."

చెప్పేశాడు. అయినా బంతి చెయ్యి దాటకముందే విజిల్ మోగింది కాబట్టి పాయింట్లు రావు. బంతి మళ్లీ ఉదయగిరికే ఇచ్చి పక్క గీత నుంచి ఆట మొదలుపెట్టాలి, అంతే. జనం గోల మొదలుపెట్టారు. మూడు అడుగులకు బంతి వెనక్కి ఇస్తారా అని ఒకాయన లేచి నిలబడ్డాడు. నేను టేబుల్ మీది మైకు తీసుకున్నాను.

"ఈ గ్రౌండులో లెక్క నేర్పింది నేను. ఇప్పుడు ఆ లెక్క తప్పు. బంతి అందుకునేటప్పుడు నేల మీదుండే కాలు సున్నా. ఆడవాళ్లకు బస్సులో సున్నా టికెట్ ఇస్తున్నారా లేదా? టికెట్ చేతిలో ఉంటుంది, లెక్కలో ఏమీ ఉండదు. ఈ కాలూ అంతే. దాని తర్వాత ఒకటి, రెండు."

ఆడవాళ్ల వరసలో నవ్వులు లేచాయి. మగవాళ్లు గొణిగారు. ఆట మొదలుపెట్టాం.

పక్క గీత నుంచి బంతి మల్లీశ్వరికే వచ్చింది. నేనైతే ఆ పరిస్థితిలో పక్కవాళ్లకు ఇచ్చేసేదాన్ని. ఆ పిల్ల అదే ఎడమ పక్క నుంచి మళ్లీ అలాగే వచ్చింది. విజిల్ నా పళ్ల మధ్య ఉంది, ఊపిరి దాకా వచ్చింది, బిగబట్టాను. మగవాళ్లు ఒకటి, రెండు, మూడు అన్నారు. వాళ్ల మధ్యలోంచి ఆడవాళ్ల గొంతులు కొన్ని, సున్నా, ఒకటి, రెండు అన్నాయి. ఎవరూ ఊదలేదు. బంతి పడింది. పెంచలయ్య రెండు పాయింట్లకు గుర్తుగా రెండు వేళ్లు పైకెత్తి కిందికి వంచాడు. ఎంపిక చేసే ఆయన నోటు పుస్తకం మళ్లీ తెరిచాడు. నా కళ్లు చెమర్చాయి, గ్రౌండు మీద మొదటిసారి.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది, కానీ ఆట అక్కడ ఆగలేదు. చివరి పది సెకన్లలో ఆత్మకూరు పొడుగు పిల్ల బంతి తీసుకుని పరుగెత్తింది. సున్నా, ఒకటి, రెండు. అచ్చం అదే అడుగు. పడింది. ఆత్మకూరు ఒక్క పాయింటుతో గెలిచింది. ఆట అయ్యాక ఆ పిల్లను ఎప్పుడు నేర్చుకున్నావని అడిగాను.

"మూడేళ్ల నుంచి వచ్చు మేడం. ఫోన్లో చూసి నేర్చుకున్నా. మీరు ఊదుతారని ఎప్పుడూ వెయ్యలేదు."

పది ముప్పావుకి ఎంపికైనవాళ్ల పేర్లు చదివారు. అయిదో పేరు మల్లీశ్వరిది. పరుగున నా దగ్గరికి వస్తుందనుకున్నాను. ముందు ఆత్మకూరు పిల్ల దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపింది, తర్వాత నా వైపు వచ్చింది. ఓడినందుకు బాధగా ఉందా అని అడిగితే, "వాళ్లకీ అదే రూలు కదా మేడం," అంది.

పదకొండూ ఇరవైకి నెల్లూరు బస్సు. కిటికీ సీటు దొరికింది. ఏ లీగ్‌లో ఎలా ఊదుతారన్నది పెద్ద చిక్కేమీ కాదని ఈ రెండు రోజుల్లో నాకు తేలింది. అమెరికావాళ్లు ఒకలా, మనం ఒకలా ఊదుకోవచ్చు. కానీ కాలు వెయ్యబోయే పిల్లకు తానున్న గ్రౌండులో ఏ లెక్కో ముందే తెలియాలి. ఆ బాధ్యత విజిల్ ఉన్నవాళ్లది. పడమటి మండలాల పీఈటీల గ్రూపులో నా పేరుతో రాశాను: నేను నేర్పిన లెక్క పాతబడింది, కొత్తది వచ్చిన రోజే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాది. వచ్చే శనివారం ఆత్మకూరు గ్రౌండుకు అందరూ రండి, మొదటి నుంచి నేర్పుతాను.

సంగం దాటుతుండగా జవాబులు వచ్చాయి. చాలామంది దండాలు పెట్టారు, సరే మేడం అన్నారు. మర్రిపాడు పీఈటీ ఒక్కడు వేరేగా రాశాడు. "శనివారం వస్తాను మేడం. రూలు మారినాక ఇన్నేళ్లూ ఎంతమంది పిల్లలకు ఊదినామో, తల్చుకుంటాండా."

నేను ఊదిన పిల్లల్లో గుర్తున్న పేర్లు రాయడం మొదలుపెట్టాను. బస్సు నెల్లూరు స్టాండులోకి తిరిగేసరికి పదకొండు పేర్లయ్యాయి. అందరూ దిగిపోయారు. కండక్టర్ వచ్చి లేపేదాకా నేను రాస్తూనే ఉన్నాను.