ఎర్ర జెండా ఎగిరిన పెత్రమాస

తెలంగాణ ఉద్యమం రోజులవి. మణికొండ దగ్గర రాస్తారోకోలో మా బస్సు ఆగిపోయింది. పక్కనే మిలిటరీ శిక్షణ కేంద్రం గోడ. లోపల తుపాకులు పేలగానే, పోలీసులు కాల్చారనుకుని అందరం సీట్ల మధ్య నక్కాం. నా పక్కనున్న ముసలమ్మ మాత్రం కదల్లేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి. లోపల మిలిటరోళ్లు నేర్సుకుంటున్నరు, అంతే. మా మామ చెల్క భూమి గుంజుకున్నప్పటి సంది నేర్సుకుంటనే ఉన్నరు."

ఆమె ఒళ్లో అన్నం మూట ఉంది. ఆ రోజు పెత్రమాస, పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య. అత్తమామల సమాధులు గోడ లోపలే ఉన్నాయట.

"ఏటా పోనిస్తరు. కాల్పులుంటే ఎర్ర జెండా కడ్తరు, గా దినం పోనియ్యరు. ఇయ్యాల కట్టిండ్రు."

"తెలంగాణ వస్తే మీ భూమి మీకొస్తుందేమో," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

ఆమె రోడ్డు మీది జనాన్ని చూసింది. "తెలంగాణ వీళ్లు తెస్తరు బిడ్డా. గోడ ఎవలు తీస్తరు?"

దిగి, గోడ మొదట్లో విస్తరాకు పరిచి, అన్నం పెట్టి దండం పెట్టింది. మళ్లీ తుపాకులు పేలాయి. ఈసారి బస్సులో ఎవరూ ఉలిక్కిపడలేదు.

రాష్ట్రం వచ్చింది. ఆ గోడకు దగ్గర్లోనే ఉన్న మా ఫ్లాట్ బాల్కనీలోకి ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. కడప నుంచి వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడితే, నేర్చుకుంటున్నారంతే అని చెప్పి కాఫీ ఇస్తాను.