కింద పెట్టిన గహ్వా

మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న సౌదీ సేటు, నల్లాయన. ముందే చెప్తున్న. చెప్పకుంటే నేను హఫర్ అల్ బాతిన్‌ల దిగిననాడు చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు.

బస్సు దిగిన. పొడుగాటి నల్లటి మనిషి, నూనె మరకల తోబు తొడుక్కొని, నా ముందుకొచ్చి చెయ్యి చాపిండు. నేను నా పెట్టె తీసి ఆ చేతిల పెట్టిన. కూలాయన అనుకున్న. ఆయన పెట్టె భుజానికెత్తుకొని నడిచిండు. వెనుక నేను చేతులూపుకుంట, "జర మెల్లగ పట్టు, లోపల తొక్కు సీస ఉన్నది" అని హిందీల హుకుములు. బండి దగ్గర మా జగిత్యాల డ్రైవర్ నిలబడి ఉండె. మమ్మల్ని చూసి రెండు చేతుల్తోని నెత్తి కొట్టుకున్నడు.

"ఓ కాకా! ఆయనే కఫీల్!"

కఫీల్ పెట్టెను బండిల పెట్టి, చేతులు దులుపుకొని, "ఏం తెచ్చినవ్ ఇందుల, రాళ్లా?" అన్నడు. మామిడికాయ తొక్కు అని చెప్పిన. ఆ పూట సగం సీస ఆయనే తిన్నడు. కండ్లెంబడి నీళ్లు కారుతున్నయి, ఇంకా పెట్టు అంటున్నడు.

వారం పోయినంక ధైర్యం చేసి మాఫీ అడిగిన. ఆయన నా చెయ్యి గుంజి తన చెయ్యి పక్కన పెట్టిండు. "నల్లగున్న అని కూలీ అనుకున్నవ్ గదా. నీ రంగు ఎప్పుడన్న చూసుకున్నవా? మా అమ్మ కడుపుల పుట్టవలసినోడివి, దారి తప్పి హిందుస్తాన్ పోయినవ్."

ఆయన తాతలు ఎప్పుడో ఆఫ్రికా దిక్కు నుంచి వచ్చినోళ్లు. ఆ ఊరి బజార్ల వాళ్ల మనుషులు మూటలు మోసిన్రు, లారీలు నడిపిన్రు, ఒకరి ఇంట్ల గహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోసిన్రు. సొంత దుకాణం మీద సొంత బోర్డు పెట్టిన మొదటి నల్లాయన మా కఫీలే. ఒక్క కుట్టు మిషన్‌తోని లారీల తాడిపత్రీలకు అతుకులేసుకుంట మొదలుపెట్టిండు. నేను వచ్చేసరికి పెద్ద డేరాల కార్ఖానా అయింది. చలికాలం వచ్చిందంటే ఇక్కడ బంగ్లాలున్నోళ్లు బంగ్లాలు ఇడిచి ఇసుకల డేరాలేసుకొని పంటరు. మొదటి ఏడు వీళ్లకేం పుట్టిందిరా అనుకున్న. అది వాళ్లకు జాతర. ఆ జాతరకు డేరాలు మాయి.

కార్ఖానా ముంగట ఒక చాప ఉండేది. సాయంత్రపు అస్రు నమాజు అయినంక ఆయన దాని మీద కూసునేటోడు. ఇగ చూడు మంది! దేశంల ఉండనిచ్చే కార్డు, ఇకామా, గడువైపోయిన సూడాన్ ఆయన, కఫీల్ వాడకట్టుల మొగనితోని కొట్లాడి వచ్చిన ఆడామె, పానా పోయిందని మీద మీదికొచ్చే పాకిస్తాన్ మేస్త్రీ. అందరి తగువు ఆయనదే. ఎవరి పని మీదనైనా ఎంత పెద్దోడి తలుపైనా కొట్టేటోడు. తన పని మీద మాత్రం ఎవ్వరి తలుపూ కొట్టలే.

ఆయన పెట్టిన రూలు ఒకటుండె: నా దగ్గర వేలిముద్ర చెల్లదు. ఎవని భాషల వాడు పేరు రాయాల్సిందే. నేను యాభై రెండేండ్లకు అ ఆలు మొదలుపెట్టిన. పంతులు మా డ్రైవరే. పలక ఎక్కడిది? దర్జీ సుద్దతోని డేరా గుడ్డ మీద దిద్దిన. ఒకసారి దులపడం మర్శిపోతే, ఎవరిదో పెండ్లి డేరా మీద నా "ఱ" పోయింది. వాళ్లు అది కొత్త డిజైన్ అనుకున్నరట.

ఇగ అసలు సంగతికొస్త.

కార్ఖానా ఉన్న జాగ కిరాయిది. జాగ ఒక ముసలి షేక్‌ది. ఆయన కొడుకు ఆ జాగ కంపెనీకిచ్చి షాపింగ్ కాంప్లెక్స్ కట్టిస్తనన్నడు. చలికాలం లోపల ఖాళీ చెయ్యాలన్నడు. ఖాళీ చేస్తే మిషన్లు పోతయి, మా ఇకామాలు పోతయి, ఆ చాపా పోతది. ఊళ్లె అంత పెద్ద జాగ మళ్లొకటి లేదు.

షేక్‌ను ఒక్క మాట అడిగితే అయిపాయె. కఫీల్ మూడుసార్లు పోయిండు. మూడుసార్లు గహ్వా తాగిండు, ఒంటెల దగ్గు గురించి మాట్లాడిండు, వాపస్ వచ్చిండు.

"అడిగినవా బాబా?" అంటే, "వీలు కాలే" అనేటోడు.

డ్రైవర్ నాకు చెవుల చెప్పిండు. "కఫీల్ నాయిన ఆ షేక్ ఇంట్ల గహ్వా పోసినోడు కాకా. బతికినన్నాళ్లు నిలబడే పోసిండు. ఆ కార్పెట్ మీద కూసొని చెయ్యి చాపుమంటే ఈయనకు పానం ఒప్పుతలేదు."

నాలుగోసారి పోవుడుకు వంక దొరికింది. షేక్ మనుమని పెండ్లికి డేరా కావాలన్నరు. కఫీల్ గుడ్డ ముక్కలు, గజం కట్టె నా చేతిల పెట్టి, "యా షేబా, నువ్వు రా" అన్నడు. షేబా అంటే నెరిసిన తలోడా అని. ఆయనకు నాకన్నా ఎక్కువే నెరిసింది, అది వేరే సంగతి.

షేక్ ఇంట్ల వచ్చినోళ్లు కూసునే మజ్లిస్ నిండ మనుషులు. అందరు గోడకు ఆనుకొని కూసున్నరు. గహ్వా పోసేటాయన కుడి దిక్కు నుంచి మొదలుపెట్టిండు. నా ఖర్మకు కుడి దిక్కు మొదలు నేనే. పిట్ట గుడ్డంత కప్పు, ఫింజాన్ అంటరు, నా చేతిల పెట్టిండు. మా దిక్కు పెద్దమనిషి తాగకముందు చిన్నోడు మూతి పెట్టడు. కఫీల్ తాగినంక తాగుదామని దాన్ని కార్పెట్ మీద పెట్టి, బుద్ధిమంతునోలె చేతులు కట్టుకున్న.

మజ్లిస్‌ల అందరి చూపు ఆ ఫింజాన్ మీద పడ్డది.

నాకప్పటికి తెల్వదు. ఇక్కడ ఇంటికొచ్చినోడు గహ్వా తాగకుండ కింద పెట్టిండంటే, 'నాకో అవసరమున్నది, అది తీరుస్తవంటేనే తాగుత' అని. ఇంటాయన తీర్చలేకపోతే ఆ ఇంటికి మాట వస్తది. అది పెద్దోళ్లు పెద్ద అక్కరకు చేసే పని. నేను మర్యాదకు చేసిన.

కఫీల్ మోచేతితోని పొడిచిండు. "తాగు!"

"మీరు తాగుర్రి ముందు," అన్న.

"తాగు అంటున్న, నీ ఇల్లు బంగారం గాను!"

ఇంతల షేక్ ముందుకు వంగిండు. "షేబా, నీ అవసరమేందో చెప్పు."

అబ్బ, ఎంత మంచి మనిషి, అడిగి మరీ కనుక్కుంటున్నడు అనుకున్న. అడిగినంక దాచుడు నాకు చిన్నప్పటి నుంచి రాదు. నా అరబ్బీ కార్ఖానా అరబ్బీ: సూది, తాడు, తే, పో. వాటితోనే చెప్పిన. "జాగ, షేక్. డేరాల జాగ. తియ్యొద్దు. బాబా మూడుసార్లొచ్చిండు. అడుగలే. బాబాకు సిగ్గు."

కఫీల్ రెండు చేతుల్తోని మొకం కప్పుకున్నడు.

షేక్ కొడుకు లేచిండు. "నాయినా, కంపెనీకి మాటిచ్చినం."

"కంపెనీ వచ్చి నా ఇంట్ల ఫింజాన్ కింద పెట్టిందా?" అన్నడు షేక్. నా దిక్కు చెయ్యి చూపిండు. "తాగు. నువ్వొచ్చిన పని అయింది."

తాగిన. చల్లారి కషాయమైంది. అంత తియ్యటి కషాయం నేనెన్నడు తాగలే.

అప్పుడు ముసలాయన గోడ పట్టుకొని లేచిండు. పోసేటాయన చేతిల నుంచి గహ్వా కూజా తీసుకున్నడు. నడుచుకుంట వచ్చి కఫీల్ ముంగట నిలబడి, సొంత చేత్తోని పోసిండు.

"మీ నాయిన పోసినంత మంచిగ పోసుడు నాకు రాదు," అన్నడు. "మూడుసార్లు ఒంటెల దగ్గు చెప్పిపోయినవు. నా ఒంటెలకు దగ్గే లేదు."

చాలు అనేదానికి ఫింజాన్ ఊపాలె. కఫీల్ ఊపలే. ఆయన పోస్తనే ఉన్నడు, ఈయన తాగుతనే ఉన్నడు. ఐదో దానికి నేనే ఆయన చెయ్యి పట్టి ఊపిన.

వాపస్ వచ్చేటప్పుడు ఊరి బయట కఫీల్ బండి ఆపుమన్నడు. తిడ్తడనుకున్న. దిగి, నా గజం కట్టె గుంజుకొని, పెండ్లిల్ల కత్తులు పట్టుకొని ఆడినట్టు ఇసుకల ఆడిండు. అరవై దాటిన మనిషి! డ్రైవర్ బండి డోరు మీద దరువేసిండు. నేను మా ఊరి బతుకమ్మ తీరుగ చప్పట్లు కొట్టుకుంట చుట్టు తిరిగిన. ఆగిన లారీల పాకిస్తానోళ్లు మాకేమైందోనని నీళ్ల సీసాలు పట్టుకొని ఉరికొచ్చిన్రు. వాళ్లను గూడ ఆడించినం.

ఆ తర్వాత శుక్రవారం కఫీల్ మా రూముకొచ్చిండు. చాయ్ ఇచ్చిన. తాగలే. గ్లాసు కింద పెట్టి, నా దిక్కు చూసుకుంట కూసున్నడు.

నాకు నవ్వాగలే. "అడుగు బాబా," అన్న.

"చాప పైన గోడకు ఒక బోర్డు పెడ్త. 'ఇక్కడ వేలిముద్ర చెల్లదు' అని. అరబ్బీ నేను రాస్త. మీ భాషల నువ్వు రాయి."

"నా రాత కోడి కెలికినట్టుంటది. డ్రైవర్‌ను రాయమను."

"డ్రైవర్ ముందు నేను గ్లాసు పెట్టలే."

ఇగ ఏమంటం? సరే అన్న. ఎవ్వరి తలుపు కొట్టని మనిషి నా తలుపు కొట్టిండు. "చాయ్ తాగు, చల్లారుతది," అన్న. తాగిండు.

బోర్డు ఇప్పటికీ ఉన్నది. అరబ్బీ నిటారుగ ఉంటది. నా తెలుగు గుట్ట ఎక్కినట్టు పైకి పోతది, ఆఖరి అక్షరానికి జాగ చాలక అంచు మీద కూసున్నది.